జర్మన్ వాక్యంలో సంతకం ఎవరిది? (సమాపక, అసమాపక క్రియలు)



ఉద్యోగ విరమణ తరువాత మన ట్రస్టుకు వచ్చే స్కాలర్‌షిప్ దరఖాస్తులను సరిచూసే పని నాకు అప్పగించారు. ఈ మధ్య సంవత్సరాల్లో ఆ దరఖాస్తుల్లో ఒక కొత్త అవసరం తరచుగా కనబడుతోంది. నర్సింగ్ పూర్తిచేసిన ఆడపిల్లలు, ఇంజనీరింగ్ అయ్యాక పైచదువు జర్మనీలో చదవాలనుకునే పిల్లలు జర్మన్ భాషా పరీక్ష ఫీజుకు సాయం అడుగుతున్నారు. జర్మనీలో నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా బి2 స్థాయి భాష కావాలి. దానికి ముందు మెట్టు బి1. మన పిల్లల్లో కొందరు ఆ మెట్టు దగ్గరే ఆగి, రెండోసారి, మూడోసారి ఫీజు కడుతున్నారు. మా ఇంట్లోనూ అదే జరిగింది కాబట్టి ఈ పాఠం రాయడానికి సాహసిస్తున్నాను.

నేను జర్మన్ పండితుడిని కాను. బి.కాం. చదివి 1981లో బ్యాంకులో గుమాస్తాగా చేరాను. బెంగళూరులో పనిచేస్తున్న రోజుల్లో, 1984 ప్రాంతంలో, సాయంత్రం పూట మాక్స్ ముల్లర్ భవన్‌కు రెండు టర్ములు వెళ్ళాను. పెళ్ళి, బదిలీ, పిల్లలు వచ్చాక అది మూలపడింది. రిటైరయ్యాక ఆ పాత పుస్తకాలను మళ్ళీ దులిపి, అరవై రెండో ఏట బి1 పరీక్ష రాశాను. హాల్లో నన్ను చూసి పిల్లలు ఇన్విజిలేటర్ అనుకుని లేచి నిలబడ్డారు.

ఇక అసలు సంగతి. మా తమ్ముడి కూతురు హోసూరులో బి.ఎస్సీ. నర్సింగ్ చదివింది. చురుకైన పిల్ల. ఒక కోచింగ్ సెంటర్లో ఎనిమిది నెలలు జర్మన్ నేర్చుకుంది. 2023లో బి1 రాసింది. గోయెతె పరీక్షలో బి1కు నాలుగు భాగాలు ఉంటాయి: చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం. ఒక్కొక్క దానికి 100 మార్కులు, 60 వస్తే పాస్. అమ్మాయికి మూడు భాగాలు వచ్చాయి, రాయడంలో 54. మా తమ్ముడు అప్పటికే చీటీ పాడి డబ్బు తెచ్చి ఉన్నాడు. ఆ రోజు ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు.

"పెదనాన్నా, పదాలన్నీ నాకొచ్చు. రాయబోతే ఏది ఎక్కడ పెట్టాలో తెలియడంలేదు" అంది. సాధన కోసం తాను రాసిన ఉత్తరాల నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. దాన్ని నేను బ్యాంకులో చెక్కులు చూసినట్టే చూశాను. చెక్కు పాస్ చేసేవాడు ముందు సంతకం చూస్తాడు. సంతకం ఉందా, ఒకటే ఉందా, ఉండవలసిన చోట ఉందా? తరువాతే తేదీ, మొత్తం, పేరు. ఆమె రాసిన పద్నాలుగు వాక్యాల్లో ఆరింటికి సంతకం సరిగా లేదు. కొన్నిటికి అసలే లేదు, కొన్నిటికి రెండున్నాయి, కొన్నిటికి వేరే చోట ఉంది. అంటే ఆమెకు తెలియనివి ఆరు విషయాలు కావు, ఒక్కటే. వాక్యంలో ఏ క్రియ సంతకం పెడుతుందో, ఏ క్రియ ఉత్త వివరం మాత్రమే నింపుతుందో పోల్చుకోవడం.

వ్యాకరణంలో సంతకం పెట్టే క్రియను ఇంగ్లీషువారు ఫైనైట్ అంటారు, పెట్టలేనిదాన్ని నాన్‌ఫైనైట్ అంటారు. మనకు ఇవి కొత్త కావు. తెలుగు వ్యాకరణంలో సమాపక క్రియ, అసమాపక క్రియ అని చదువుకున్నాం. తమిళనాడులో, కర్ణాటకలో పెరిగిన మన పిల్లలకు ఈ పేర్లు తెలియకపోవచ్చు. ఏమీ నష్టం లేదు, ఇంట్లో మాట్లాడే తెలుగు చాలు. మీ అమ్మమ్మతో "నేను అన్నం తిన్నాను" అనండి. ఆమె ఊరుకుంటుంది. "నేను అన్నం తిని" అని ఆపండి. "తిని? ఏం చేశావు?" అని అడుగుతుంది. "తిన్నాను" సమాపకం, "తిని" అసమాపకం. "తింటూ", "తింటే", "తినడానికి", "తిన్నా" ఇవన్నీ అసమాపకాలే. ఇవి వాక్యాన్ని ముగించలేవు, సంతకం చేసే అధికారం వాటికి లేదు.

చదివేముందు ఒక మనవి. ఈ పాఠంలో జర్మన్ మాటలను తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. 'ఇష్' అంటే 'నేను'. అందులోని చివరి ధ్వని నిజానికి 'హ్'కూ 'ష్'కూ నడుమ పలుకుతుంది, తెలుగులో దానికి అక్షరం లేదు. అసలు స్పెల్లింగ్ మీ పాఠ్యపుస్తకంలో చూసుకోగలరు.

సంతకాన్ని ఎలా గుర్తుపట్టాలి? తెలుగులో క్రియ చివర చూస్తే కర్త తెలుస్తుంది. నేర్చుకుంటాను, నేర్చుకుంటావు, నేర్చుకుంటాడు, నేర్చుకుంటాము, నేర్చుకుంటారు. ఆ చివరి ను, వు, డు, ము, రు లే సంతకం. జర్మన్‌లోనూ అంతే. 'లెర్నెన్' అంటే నేర్చుకోవడం. ఇష్ లెర్నె (నేను), డూ లెర్న్‌స్ట్ (నువ్వు), ఏర్ లెర్న్‌ట్ (అతడు), జీ లెర్న్‌ట్ (ఆమె), వీర్ లెర్నెన్ (మేము), ఈర్ లెర్న్‌ట్ (మీరందరూ, చనువుగా), జీ లెర్నెన్ (వాళ్ళు, గౌరవంగా మీరు). కర్త మారితే తోక మారుతుంది. తోక మారే క్రియ సమాపకం. మనలాగా అతడికొకటి, ఆమెకొకటి వాళ్ళకు లేవు, ఆ మేరకు సులభమే. అయితే మనం 'వస్తాను' అని 'నేను' లేకుండా సరిపెట్టుకుంటాం. జర్మన్‌లో 'ఇష్' రాయక తప్పదు.

కర్త మారినా తోక మారనివి అసమాపకాలు. జర్మన్‌లో ఇవి ముఖ్యంగా మూడు. మొదటిది ఇన్ఫినిటివ్: లెర్నెన్ (నేర్చుకోవడం), ష్రైబెన్ (రాయడం), ఫారెన్ (ప్రయాణించడం). రెండవది పార్టిట్సిప్ ఒకటి: లెర్నెండ్ (నేర్చుకుంటూ, నేర్చుకుంటున్న). మూడవది పార్టిట్సిప్ రెండు: గెలెర్న్‌ట్ (నేర్చుకున్న), గెష్రీబెన్ (రాసిన). ఈ మూడవ రూపానికి సాధారణంగా ముందు 'గె' చేరుతుంది. 'బె', 'ఫెర్' లాంటి ఉపసర్గలతో మొదలయ్యే క్రియలకూ, 'ష్టూడీరెన్' లాంటి 'ఈరెన్' అంతంగల క్రియలకూ 'గె' చేరదు. వీటిని తర్కంతో కనిపెట్టలేం, మనం ఎక్కాలు వల్లెవేసినట్టు వల్లెవేయవలసిందే. రోజుకు ఐదు చాలు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. 'వీర్ లెర్నెన్' లోని లెర్నెన్, ఉత్త ఇన్ఫినిటివ్ లెర్నెన్ చూపుకు ఒకటే. ఒకే ఇంటిపేరు గల ఇద్దరు ఖాతాదారుల్లాంటివి. రూపం చూసి చెప్పలేం, ఎక్కడ కూర్చున్నదో చూసి చెప్పాలి. అందుకే జర్మన్‌లో స్థానం అంత ముఖ్యం.

స్థానం సంగతి ఇది. ప్రధాన వాక్యంలో సమాపక క్రియ రెండవ స్థానంలో కూర్చుంటుంది. రెండవ స్థానం అంటే రెండవ పదం కాదు, రెండవ అంశం. "ఆమ్ మోన్‌టాగ్ కొమ్ట్ మైన్ ఫాటర్" (సోమవారం మా నాన్న వస్తారు). 'ఆమ్ మోన్‌టాగ్' రెండు మాటలైనా ఒకే అంశం, తరువాత వెంటనే 'కొమ్ట్'. కర్త మూడో చోటికి పోతుంది. మా అమ్మాయి రాసిన తప్పు ఇదే: "హొయ్‌టె ఇష్ కొమ్మె నిష్ట్" (ఈ రోజు నేను రావడంలేదు). సరైనది "హొయ్‌టె కొమ్మె ఇష్ నిష్ట్". ఆమె ఇంగ్లీషు వాక్యాన్ని మనసులో పెట్టుకుని మాటకు మాట మార్చింది. అవును, కాదు అని జవాబు వచ్చే ప్రశ్నలోనూ, ఆజ్ఞలోనూ మాత్రం సమాపక క్రియ మొదటికే వస్తుంది: "కొమ్స్ట్ డూ హొయ్‌టె?" (ఈ రోజు వస్తావా?)

మరి అసమాపకం? అది వాక్యం చివరికి పోతుంది. "ఇష్ హాబె గెస్టర్న్ ఐనెన్ బ్రీఫ్ గెష్రీబెన్" (నేను నిన్న ఒక ఉత్తరం రాశాను). 'హాబె' రెండో చోట సంతకం, 'గెష్రీబెన్' చివర వివరం. "ఇష్ విల్ మోర్గెన్ నాఖ్ చెన్నై ఫారెన్" (నేను రేపు చెన్నై వెళ్ళాలనుకుంటున్నాను). 'విల్' సంతకం, 'ఫారెన్' వివరం. నడుమ ఎన్ని మాటలైనా పట్టించవచ్చు. ఈ రెండు కొనల అమరికకు జర్మన్‌వారు జాట్స్‌క్లామర్ అని పేరు పెట్టారు, వాక్యానికి బ్రాకెట్ అన్నమాట. మనం పద్దు రాసేటప్పుడు పైన తేదీ, అడుగున మొత్తం వేసి నడుమ వివరాలు నింపినట్టు.

ఈ బ్రాకెట్ నర్సింగ్ చదివే పిల్లలకు ఎందుకు ముఖ్యమో ఒక ఉదాహరణ చెబుతాను. డ్యూటీ మారేటప్పుడు పాత నర్సు కొత్త నర్సుకు ఇలా చెబుతుందనుకోండి: "డేర్ పాట్సియెంట్ హాట్ హొయ్‌టె డాస్ మెడికామెంట్ నిష్ట్ గెనొమ్మెన్." రోగి ఈ రోజు మందు వేసుకోలేదు. చివరి మాట ఒక్కటి మార్చి 'బెకొమ్మెన్' అంటే, రోగికి ఈ రోజు మందు అందలేదు. మొదటి దాంట్లో మందు ఇచ్చారు, రోగి వేసుకోలేదు. రెండో దాంట్లో మందే రోగి దాకా చేరలేదు. తరువాత చేయవలసిన పని రెండింటికీ వేరు. 'హాట్' వినగానే తల ఊపి వెళ్ళిపోతే ప్రమాదం, చివరిదాకా వినాలి. ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళకు ఇది పెద్ద ఇబ్బంది. అమెరికన్ రచయిత మార్క్ ట్వేన్ 1880లో అచ్చయిన తన యాత్రా పుస్తకంలో జర్మన్ భాష మీద ఒక అనుబంధమే రాసి వెక్కిరించాడు. మనకు అందులో నవ్వవలసింది అంతగా కనబడదు. "రోగి ఈ రోజు మందు..." అని ఎవరైనా మొదలుపెడితే 'వేసుకున్నాడా, వేసుకోలేదా' అని చివరిదాకా ఆగడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. జర్మన్ వినేటప్పుడు ఆ తెలుగు చెవినే వాడండి.

మన తెలుగు ఇంకా ఎక్కువగా ఉపయోగపడే చోటు ఉపవాక్యం. 'వైల్' (ఎందుకంటే, కాబట్టి), 'డాస్' (అని), 'వెన్' (అయితే, అప్పుడు) లాంటి మాటలతో మొదలయ్యే ఉపవాక్యంలో సమాపక క్రియ కూడా చివరికి పోయి, అసమాపకం తరువాత కూర్చుంటుంది. "...వైల్ ఇష్ డేన్ బ్రీఫ్ గెష్రీబెన్ హాబె." దీని పక్కన మన తెలుగు పెట్టి చూడండి: "నేను ఉత్తరం రాసి ఉన్నాను కాబట్టి". ఇష్ నేను, బ్రీఫ్ ఉత్తరం, గెష్రీబెన్ రాసి, హాబె ఉన్నాను. ముందు అసమాపకం, వెనుక సమాపకం. 'కాబట్టి' మాత్రం మనకు చివర, వాళ్ళకు మొదట. మిగిలిన వరుసంతా ఒకటే. ఇది చూపించినప్పుడు మా అమ్మాయి "ఇది తెలుగే కదా పెదనాన్నా!" అని నవ్వింది. ఆ నోటుపుస్తకంలో ఆమె "వైల్ ఇష్ బిన్ క్రాంక్" (నాకు ఒంట్లో బాగాలేదు కాబట్టి) అని రాసి ఉంది. సరైనది "వైల్ ఇష్ క్రాంక్ బిన్". జర్మన్‌వాళ్ళు కూడా మాటల్లో అప్పుడప్పుడు మొదటి రకంగా అంటారు, వినబడుతుంది. కానీ పరీక్షలో అలా రాస్తే తప్పే.

అయితే తెలుగును గుడ్డిగా నమ్మినా ప్రమాదమే. తెలుగు మనల్ని మోసం చేసే చోట్లు కూడా ఉన్నాయి. నాకు ఎక్కువ కాలం పట్టింది అక్కడే.

మనం ఒక్క సమాపక క్రియతో రోజంతా నడిపించగలం. "పొద్దున లేచి, స్నానం చేసి, టిఫిన్ తిని, ఆసుపత్రికి వెళ్తాను." లేచి, చేసి, తిని మూడూ అసమాపకాలు, 'వెళ్తాను' ఒక్కటే సంతకం. ఒక చెక్కు మీద నాలుగు పనులు చేయించుకున్నాం. జర్మన్‌లో ఇది చెల్లదు. 'ఇ' తో ముగిసే మన క్రియకు సరిపడే అసమాపకం రోజువారీ జర్మన్‌లో లేదు. ప్రతి పనికీ సంతకం వేరే ఉండాలి: "ఇష్ ష్టేయె ఆవుఫ్, డూషె, ఎస్సె ఉన్ట్ గేయె ఇన్స్ క్రాంకెన్‌హావుస్." ష్టేయె, డూషె, ఎస్సె, గేయె నాలుగూ 'ఎ' తోకతో సమాపకాలే. నాలుగు చెక్కులు, నాలుగు సంతకాలు. కర్త 'ఇష్' మాత్రం ఒక్కసారి చెబితే చాలు.

'తే' తో వచ్చే క్రియ కూడా ఇలాంటిదే. "వాన వస్తే నేను రాను." మన 'వస్తే' అసమాపకం. జర్మన్‌లో అది నిండు ఉపవాక్యం అయిపోతుంది: "వెన్ ఎస్ రేగ్నెట్, కొమ్మె ఇష్ నిష్ట్." 'రేగ్నెట్' సమాపకం, ఉపవాక్యం కనుక చివర ఉంది. ఆ ఉపవాక్యం మొత్తం ఒకే అంశంగా మొదటి స్థానం ఆక్రమించింది, అందువల్ల 'కొమ్మె' వెంటనే రెండో స్థానానికి వచ్చింది. కామాకు అటూ ఇటూ క్రియలే. మీ ఉత్తరంలో 'వెన్' తో మొదలైన వాక్యం ఉంటే ఆ కామా దగ్గర వేలు పెట్టి చూడండి, రెండు పక్కలా క్రియలు కనబడాలి. ఈ ఒక్క అలవాటు మా అమ్మాయికి చాలా మేలు చేసింది.

'అలి' సంగతి ఇంకా వింత. నేను రావాలి, నువ్వు రావాలి, వాళ్ళు రావాలి, అందరికీ ఒకటే రూపం. 'రాలేదు' కూడా అంతే. ఇవి వాక్యాన్ని ముగిస్తాయి, కానీ కర్త ఎవరో చెప్పవు. రబ్బరు స్టాంపు అనుకోండి, సంతకం లేకుండా పని జరిగిపోతుంది. నేను పైన చెప్పిన పోలిక తెలుగులో ఇక్కడ తప్పుతుందని ఒప్పుకుంటున్నాను. జర్మన్‌లో స్టాంపు లేదు. 'రావాలి' అనే ఒక్క మాట రెండుగా విడిపోతుంది: "ఇష్ ముస్ కొమ్మెన్", "డూ ముస్ట్ కొమ్మెన్". 'ముస్' కర్తను బట్టి మారుతుంది, 'కొమ్మెన్' మారదు. 'రాగలను' కూడా అలాగే రెండు మాటలు: "ఇష్ కాన్ కొమ్మెన్". విల్, ముస్, కాన్ లాంటి క్రియల తరువాత ఇన్ఫినిటివ్ ముందు 'త్సూ' పెట్టకూడదు. "ఇష్ విల్ త్సూ ఫారెన్" అని రాస్తే అది ఇంగ్లీషు 'టు' మోసుకొచ్చిన తప్పు. 'ప్రయత్నిస్తున్నాను' లాంటి మామూలు క్రియ తరువాత మాత్రం 'త్సూ' కావాలి: "ఇష్ ఫెర్‌జూఖె, డోయ్‌చ్ త్సూ లెర్నెన్."

ఇంగ్లీషు నుంచి వచ్చే మరో తప్పు మన ఇంగ్లీషు మీడియం పిల్లలందరూ చేస్తారు. 'నేను నేర్చుకుంటున్నాను' అనడానికి ఇంగ్లీషులో 'ఐ యామ్ లెర్నింగ్' అంటాం కదా, దాన్ని చూసి "ఇష్ బిన్ లెర్నె డోయ్‌చ్" అని రాస్తారు. బిన్ ఒక సంతకం, లెర్నె ఇంకొక సంతకం. ఒకే చెక్కు మీద ఇద్దరు సంతకం చేసి, ఇద్దరూ ఒకే ఖాతావాళ్ళు కాకపోతే ఏం చేస్తాం? వెనక్కు పంపుతాం. "ఇష్ లెర్నె డోయ్‌చ్" చాలు. నేర్చుకుంటాను, నేర్చుకుంటున్నాను రెండింటికీ అదే.

దీనికి వ్యతిరేకం సంతకమే లేని వాక్యం. "ఇష్ గెస్టర్న్ నాఖ్ చెన్నై గెఫారెన్." మనకు 'వెళ్ళాను' ఒక్క మాటే కనుక పార్టిట్సిప్ రాసి పని అయిపోయిందనుకుంటాం. సంతకం ఏది? "ఇష్ బిన్ గెస్టర్న్ నాఖ్ చెన్నై గెఫారెన్" అనాలి. ఒక చోటినుంచి ఇంకో చోటికి పోయే క్రియలకూ, ఒక స్థితినుంచి మరో స్థితికి మారే క్రియలకూ 'బిన్', మిగిలిన చాలా క్రియలకు 'హాబె'.

విడిపోయే ఉపసర్గల గురించి క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను. 'ఆన్‌కొమ్మెన్' అంటే చేరుకోవడం. "డేర్ త్సూక్ కొమ్ట్ ఉమ్ ఆఖ్ట్ ఊర్ ఆన్" (రైలు ఎనిమిది గంటలకు చేరుతుంది). 'కొమ్ట్' రెండో చోట, 'ఆన్' బ్రాకెట్ అడుగున. అసమాపక రూపాల్లో మళ్ళీ కలిసిపోతాయి: ఆన్‌గెకొమ్మెన్, ఆన్‌త్సుకొమ్మెన్. ఉపవాక్యంలోనూ కలిసే ఉంటాయి.

తెలుగువాళ్ళు సంతోషించవలసిన ఇంకొక సంగతి ఉంది. జర్మన్ పత్రికల్లో, ఆఫీసు ఉత్తరాల్లో పార్టిట్సిప్‌ను విశేషణంగా వాడతారు. "డాస్ వైనెండె కింట్" అంటే ఏడుస్తున్న పిల్ల. "డేర్ గెస్టర్న్ ఆవుస్ హోసూర్ ఆన్‌గెకొమ్మెనె పాట్సియెంట్" అంటే? మాట మాటకూ వేలు పెట్టండి. గెస్టర్న్ నిన్న, ఆవుస్ హోసూర్ హోసూరు నుంచి, ఆన్‌గెకొమ్మెనె వచ్చిన, పాట్సియెంట్ రోగి. "నిన్న హోసూరు నుంచి వచ్చిన రోగి." ఇంగ్లీషు ద్వారా నేర్చుకునేవాళ్ళు దీన్ని తలకిందులు చేసి అర్థం చేసుకోవాలి, మనం తిన్నగా చదువుకుపోవచ్చు. మాట్లాడేటప్పుడు మాత్రం జర్మన్‌వారు ఎక్కువగా సమాపక క్రియతో విడగొట్టి చెబుతారు: "డేర్ పాట్సియెంట్, డేర్ గెస్టర్న్ గెకొమ్మెన్ ఇస్ట్." బి1లో మీరు రాయవలసింది ఈ రెండో రకం, మొదటి రకం చదివి అర్థం చేసుకుంటే చాలు.

ఈ పోలికలు చూసినప్పుడల్లా బెంజమిన్ షుల్జ్ గుర్తుకు వస్తాడు. ఆ జర్మన్ మిషనరీ మద్రాసులో ఉండి తెలుగు నేర్చుకుని, తిరిగి వెళ్ళాక 1740లలో జర్మనీలోని హాలె పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. మన 'తిని', 'వచ్చి' అతడిని ఎంత తికమక పెట్టి ఉంటాయో అని నవ్వుకుంటాను. అతడు అటునుంచి ఎక్కిన మెట్లే మనం ఇటునుంచి ఎక్కుతున్నాం.

అమ్మాయి సంగతి ముగించాలి. తప్పిన భాగం ఒక్కటే మళ్ళీ రాయవచ్చు, నాలుగూ రాయనక్కరలేదు. ఇది చాలామంది తల్లిదండ్రులకు తెలియక మొత్తం ఫీజు కడుతున్నారు, గమనించగలరు. రాయడం భాగానికి గంట సమయం, మూడు ప్రశ్నలు. రెండు నెలలు రోజుకొక ఉత్తరం రాయించాను. రాసిన వెంటనే నాకు చూపించేది కాదు. ముందు ఎర్ర పెన్సిల్‌తో ప్రతి సమాపక క్రియ కింద గీత, నీలం పెన్సిల్‌తో ప్రతి అసమాపకం కింద గీత గీసేది. ఎర్ర గీత లేని వాక్యం, ఒకే ఉపవాక్యంలో రెండు ఎర్ర గీతలు ఉన్న వాక్యం తనే పట్టుకునేది. మొదటి వారం ఒక ఉత్తరానికి ముప్పావు గంట పట్టింది, చివరికి పది నిమిషాల్లో అయ్యేది. పరీక్ష హాల్లో పెన్సిళ్ళు లేకపోయినా కంటికి ఆ గీతలు కనబడ్డాయంది. రెండోసారి 73 వచ్చింది. ఇప్పుడు బి2 చదువుతోంది, అది ఇంకా కావాలి. ఈసారి చీటీ పాడవద్దని మా తమ్ముడికి చెప్పాను.

కింద ఐదు వాక్యాలు ఇస్తున్నాను. జవాబు చూడకముందు ఎర్ర గీత, నీలం గీత గీసి చూడండి. జర్మన్ రాని తల్లిదండ్రులు కూడా తోకలు చూసి ప్రయత్నించవచ్చు.

1. మోర్గెన్ విల్ మైన్ ఫాటర్ నాఖ్ బొన్ ఫారెన్. (రేపు మా నాన్న బొన్ వెళ్ళాలనుకుంటున్నారు.)
2. ఇష్ వైస్, డాస్ డూ డోయ్‌చ్ గెలెర్న్‌ట్ హాస్ట్. (నువ్వు జర్మన్ నేర్చుకున్నావని నాకు తెలుసు.)
3. వెన్ డేర్ త్సూక్ కొమ్ట్, ష్రైబె ఇష్ డీర్. (రైలు వస్తే నీకు రాస్తాను.)
4. ఏర్ ఫెర్‌జూఖ్ట్, డేన్ బ్రీఫ్ త్సూ లేజెన్. (అతడు ఆ ఉత్తరం చదవడానికి ప్రయత్నిస్తున్నాడు.)
5. డాస్ ష్లాఫెండె కింట్ హాట్ నోఖ్ నిష్ట్స్ గెగెస్సెన్. (నిద్రపోతున్న పిల్ల ఇంకా ఏమీ తినలేదు.)

జవాబులు: మొదటిదాంట్లో ఎరుపు విల్, నీలం ఫారెన్. రెండోదాంట్లో ఎరుపు రెండు, వైస్, హాస్ట్; ఇవి వేరు వేరు ఉపవాక్యాల్లో ఉన్నాయి కనుక తప్పు కాదు; నీలం గెలెర్న్‌ట్. మూడోదాంట్లో కొమ్ట్, ష్రైబె రెండూ ఎరుపే, నీలం లేదు. తెలుగు 'వస్తే' చూసి కొమ్ట్ కింద నీలం గీసినవారు ఆ పేరా మరొకసారి చదవాలి. నాలుగోదాంట్లో ఎరుపు ఫెర్‌జూఖ్ట్, నీలం త్సూ లేజెన్. ఐదోదాంట్లో ఎరుపు హాట్ ఒక్కటే, నీలం రెండు: ష్లాఫెండె, గెగెస్సెన్. ష్లాఫెండె చివర 'ఎ' ఉంది కదా అని దాన్ని ఇష్ తోక అనుకోకండి, అది విశేషణానికి వచ్చే తోక. నేను కూడా మొదట అక్కడే ఎర్ర గీత గీశాను.